161 నుంచి 176 దాకా

పాత పుస్తకాల షాపుకి ఇంటిల్లిపాదీ కలిసి మొదటిసారి వెళ్లినప్పుడు ఇరవై నిమిషాల్లో బయటికి వచ్చేశాం. అప్పటికి అమ్మాయికి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు. పెళ్లికి ముందు నేను ఒక్కదాన్నే అలాంటి షాపుల్లో పూటలకి పూటలు గడిపేదాన్ని. ఆ సంతోషం పిల్లలకి కూడా తెలియాలని నాకు చాలా ఉండేది. కానీ ఆరోజు అయిదుగురం ఒకరి వెనక ఒకరం ఒకే వరసలో నడిచాం. నేను ఆగినచోట అందరూ ఆగాలి, నేను కదిలితే అందరూ కదలాలి. బాబు "ఇంకెంతసేపమ్మా?" అని మూడుసార్లు అడిగి నాలుగోసారి ఏడుపు మొదలుపెట్టాడు. మా అమ్మ మోకాళ్ల నొప్పితో నిలబడలేక గుమ్మం దగ్గర స్టూలు మీద కూలబడింది. మా ఆయన ఫోన్ చూసుకుంటూ ఉండిపోయారు. ఒక్క పుస్తకం కూడా కొనలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు అంత ఇష్టమైన చోటు వీళ్లకి ఎందుకు నచ్చలేదని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. నన్ను ఎవరూ తొందరపెట్టకపోవడం, ఏ అరలో చెయ్యి పెట్టాలో ఎవరూ చెప్పకపోవడం వల్లే కదా ఆ షాపులు నాకు అంత నచ్చాయి. ఆ రెండూ నేను వీళ్లకి ఇవ్వలేదు.

రెండోసారి వెళ్లేటప్పుడు ముందే మాట్లాడుకున్నాం. గంటసేపు ఎవరి దారి వాళ్లది. పిల్లలు మాత్రం ఎవరో ఒక పెద్దవాళ్ల కంటిముందు ఉండాలి. అమ్మ స్టూలు మీద కూర్చుంటుంది, మేమే దొంతరలు తెచ్చి ఆవిడ ముందు పెడతాం. గంట అయ్యాక అందరం ఆ స్టూలు దగ్గర కలుస్తాం. చివరి నిమిషంలో అమ్మాయి ఇంకో నియమం కలిపింది. ఎవరి పుస్తకం వాళ్లు కొనుక్కోకూడదట. చీటీలు వేసుకుని, ఎవరి పేరు వస్తే వాళ్ల కోసం వెతకాలట.

ఆ చీటీలే మొత్తం మార్చేశాయి. మనకోసం వెతుక్కుంటే మనకి తెలిసిన అరల దగ్గరికే పోతాం. నాకు ఆరోజు మా ఆయన పేరు వచ్చింది. పదకొండేళ్లు కలిసి బతికినా, ఆయనకి ఏ పుస్తకం తియ్యాలో తెలియక పావుగంట అలా నిలబడిపోయాను. లెక్కలు, ఆఫీసు, క్రికెట్ అని మనసులో అనుకుంటూ అరలు చూస్తుంటే, పాత వడ్రంగం పుస్తకం ఒకటి కంటపడింది. కర్రల అతుకులు ఎలా వేయాలో బొమ్మలతో సహా ఉంది. పెళ్లైన కొత్తలో ఆయన ఒకసారి, "చేతులతో చేసే పని ఏదైనా నేర్చుకుని ఉంటే బావుండేది" అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట అన్నట్టు ఆయనకే గుర్తులేదు. పుస్తకం ఇస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు మా ఇంట్లో గోడకి ఉన్న చిన్న అర ఆయన చేసిందే. కొంచెం వంకర పోయింది గానీ, అందులో పదహారు పుస్తకాలు పడతాయి.

పిల్లలకి ఆ షాపులో ఉన్న ఒక వసతి నాకు ఆరోజే తెలిసింది. పెద్దవాళ్లం కళ్లకి ఎదురుగా ఉన్నవి చూసి ముందుకు పోతాం. అన్నిటికంటే కింది అర, నేల మీది దొంతరల అడుగు భాగం ఎవరూ వంగి చూడరు. వాళ్ల ఎత్తుకి సరిగ్గా అవే ఎదురుగా ఉంటాయి. బాబు ఆ కింది అరలన్నీ తనవే అన్నట్టు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కొక్కటే లాగాడు. లాగడం కూడా నేర్పించాల్సి వచ్చింది. వెన్ను పైఅంచు పట్టి లాగితే పాత పుస్తకాల అట్ట అక్కడే ఊడిపోతుంది. రెండు పక్కల ఉన్న పుస్తకాలని కొంచెం లోపలికి నెట్టి, మధ్యలో పట్టుకుని తియ్యాలి. ఇది నాకు చిన్నప్పుడు ఒక షాపాయన నేర్పిన పద్ధతి. బాబు రెండు నిమిషాల్లో నేర్చుకుని, తర్వాత వాళ్ల నాన్నకి నేర్పాడు.

ఆ కింది అరలోనే వాడికి బాగా పాతకాలం తెలుగు పుస్తకం ఒకటి దొరికింది. తెచ్చి, "అమ్మమ్మా, ఇందులో సున్నా సగమే పడింది, అచ్చుతప్పా?" అని అడిగాడు. 'వాఁడు' అని ఉంది. అమ్మ ఎంత సంతోషపడిందో! అది అరసున్న అని, ఒకప్పుడు నిండుగా పలికిన చోట పలుకు పోయి గుర్తు మిగిలిందని, తన చిన్నప్పుడు అది ఎక్కడ పెట్టాలో తెలియక మార్కులు పోయేవని చెప్పింది. మా అమ్మ అంత హుషారుగా మాట్లాడటం చూసి చాలా రోజులైంది. గంట అనుకున్నది రెండు గంటలైంది. ఈసారి బాబే "అప్పుడేనా?" అన్నాడు.

ఆరోజు అమ్మాయికి వాళ్ల అమ్మమ్మ పేరు వచ్చింది. అది వెతికి వెతికి ఒక పాత నవల తెచ్చింది. గట్టి అట్ట, కుట్టు బైండింగ్, వెన్ను మీద పేరు సగం చెరిగిపోయింది. అమ్మ రెండు పేజీలు చదివి, "ఇది నాకు తెలీదే, కానీ ఈ భాష నాకు తెలుసు" అని గుండెలకి హత్తుకుంది.

మూడో రోజు రాత్రి భోజనాలయ్యాక అమ్మ గది నుంచి గట్టిగా పిలిచింది. "ఇదేం పుస్తకమే! పిల్ల కవరు చింపుతోందా, పేజీ తిప్పితే రైల్లో కూర్చుంది!" చూస్తే 160వ పేజీ తర్వాత 177 ఉంది. కథలో ఒక అమ్మాయికి పోస్టులో ఉత్తరం వస్తుంది. కవరు అంచు చింపడంతో 160వ పేజీ అయిపోయింది. 177వ పేజీలో ఆమె రైల్లో కిటికీ పక్కన ఉంది, ఒడిలో సంచి ఉంది, ఎక్కడికి వెళ్తోందో లేదు.

నాకు చాలా బాధేసింది. షాపులో పేజీలు లెక్క చూడనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. కానీ మా ఆయన పుస్తకాన్ని దీపం కిందకి తీసుకెళ్లి కుట్టు దగ్గర చూసి, "పేజీలు చింపలేదు, ఫారమే లేదు" అన్నారు. ఆయనకి ఈ సంగతి ఎలా తెలుసని అడిగితే, చిన్నప్పుడు వాళ్ల వీధిలో అచ్చాఫీసు ఉండేదట. అది కూడా నాకు అప్పుడే తెలిసింది.

పిల్లలని కూర్చోబెట్టి ఒక పెద్ద కాగితం తెచ్చారు. సగానికి మడిచారు, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి. మూడు మడతలకి ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. పైనుంచి వరసగా 1 నుంచి 16 దాకా అంకెలు వేయించి, కాగితం విప్పమన్నారు. విప్పితే ఒకటి పక్కన పదహారు ఉంది, కొన్ని అంకెలు తలకిందులుగా ఉన్నాయి. బాబు నోరు తెరుచుకుని చూశాడు. పుస్తకం అచ్చయ్యేటప్పుడు ఇలాగే పెద్ద కాగితం మీద పదహారు పేజీలు పడతాయి, మడిచి, కుట్టి, అంచులు కోస్తే వరసలోకి వస్తాయి. అలా మడిచిన ఒక్కో కట్ట ఒక ఫారం. తర్వాత మా ఆయన నవల తీసి 145వ పేజీ అడుగున చూపించారు. మూలగా చిన్న అక్షరాల్లో 10 అని ఉంది. 177వ పేజీ అడుగున 12 ఉంది. బైండింగ్ చేసేవాళ్లు వరస తప్పకుండా ఉండటానికి అచ్చులోనే వేసే గుర్తులు అవి. మధ్యలో పదకొండో ఫారం లేదు. కుట్టు దారం తెగి జారిపోయిందో, బైండింగ్ అప్పుడే పడలేదో తెలీదు. ఎవరో చింపారని కోపం తెచ్చుకున్న అమ్మాయి అక్కడితో శాంతించింది.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ఒక ఆట మొదలైంది. ఆ పదహారు పేజీల్లో ఏం జరిగి ఉంటుంది? అమ్మాయి ఊహ ప్రకారం, చిన్నప్పుడు తప్పిపోయిన అన్న రాసిన ఉత్తరం. బాబుకి మాత్రం అందులో కుక్కపిల్ల ఫోటో ఉండి తీరాలి, ఆమె దాన్ని తెచ్చుకోడానికే వెళ్తోంది. మా ఆయన ఉద్యోగం వచ్చిందన్నారు. నేను కవరు ఖాళీగా ఉందన్నాను. అమ్మ మాత్రం "ఆ రోజుల్లో కవరు చింపగానే రైలెక్కారంటే ఎవరో పోయారనే" అని ఒక్కమాటలో తేల్చేసింది. ఎవరి కథకి వాళ్లు సాక్ష్యాలు 177వ పేజీ నుంచి వెతికేవాళ్లు. "నవ్వలేదు కదా, ఉద్యోగం అయితే నవ్వేది" అంటుంది అమ్మాయి. "నల్లచీర కట్టుకోలేదు కదా" అంటాడు బాబు వాళ్ల అమ్మమ్మతో. అంత దగ్గరగా ఒక పుస్తకాన్ని మేం అయిదుగురం కలిసి ఎప్పుడూ చదవలేదు.

అప్పటినుంచి షాపుకి ఎప్పుడు వెళ్లినా ఆ నవల ఇంకో ప్రతి కోసం వెతకడం మా అందరి పని. పేజీలు చూడకుండా ఏదీ కొనకూడదని కూడా గట్టిగా అనుకున్నాం. నెమ్మదిగా ఆ పని పంచుకున్నాం కూడా.

నాది పేజీల వరస, కుట్టు. బాబుకి అంకెలంటే ఇష్టం కాబట్టి వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి వేసే గుర్తింపు నంబరు, వాడి వంతు. పది అంకెలుంటే 2007కి ముందు అచ్చయిన ప్రతి అయి ఉండాలి, ఎందుకంటే ఆ ఏడాది జనవరి నుంచి పదమూడు అంకెలు వచ్చాయి. అసలు నంబరే లేకపోతే ఇంకా పాతది కావచ్చు, ఆ పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణం వచ్చిందే 1970లో. (చిన్న ప్రచురణలు తర్వాత కూడా చాలాకాలం నంబరు లేకుండానే వచ్చాయి కాబట్టి అదొక్కటే చూసి నమ్మకూడదు.) ఇంగ్లీషు పుస్తకాల్లో ముద్రణ వివరాల పేజీలో 10 9 8 7 అని అంకెల వరస ఉంటే మా ఆయన చూస్తారు. అందులో మిగిలిన అన్నిటికంటే చిన్న అంకె ఎన్నో ముద్రణో చెబుతుంది. ఒకటి ఉంటే మొదటి ముద్రణ. ఒకటి కనబడ్డప్పుడల్లా ఆయన మొహంలో వెలుగు చూడాలి. ఆ పుస్తకానికి విలువ ఉండాలని లేదు, అయినా మొదటిసారి మిషను మీంచి దిగిన కాగితం అని ఆయన సంతోషం.

అమ్మాయి వెతికేది వేరే గుర్తు. కొన్ని పుస్తకాల్లో వివరాల పేజీ అడుగున ఒక చిన్న వృత్తంలో అడ్డంగా పడుకున్న 8 ఉంటుంది, అనంతం గుర్తు. ఆ కాగితంలో ఆమ్లం లేదని, చాలా ఏళ్లు నిలుస్తుందని దాని అర్థం. అది తెలిసినప్పటినుంచి అమ్మాయికి కాగితం అంటే పిచ్చి పట్టుకుంది. మూడు వందల ఏళ్ల కిందటి గుడ్డపీలికల కాగితం తెల్లగా ఉంటే, యాభై ఏళ్ల కిందటి చవక పుస్తకం ఎందుకు ముట్టుకుంటే విరిగిపోతుందని అడిగింది. పందొమ్మిదో శతాబ్దంలో కాగితం కర్రగుజ్జుతో చేయడం మొదలైంది. కర్రలో ఉండే లిగ్నిన్ వెలుతురు, గాలి తగిలి పసుపుపచ్చగా మారుతుంది. సిరా పాకకుండా కలిపిన పటిక లాంటి పదార్థం వల్ల కాగితంలో ఆమ్లం ఉండిపోయి, ఏళ్లు గడిచేకొద్దీ దాని నారని కొరికేస్తుంది. అందుకే మూల మడిస్తే మడత దగ్గర విరుగుతుంది. ఇది అర్థమయ్యాక మా పిల్లలు ఎవరి పుస్తకం మూలా మడవలేదు, నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు.

అమ్మ వంతు వాసన. ఇది మేం అప్పగించలేదు, ఆవిడే తీసుకుంది. స్టూలు మీద కూర్చుని ప్రతి పుస్తకం మధ్యకి తెరిచి మొహం దగ్గర పెట్టుకుంటుంది. ఆ తియ్యటి పాతవాసన ఊరికే మన భ్రమ అనుకునేదాన్ని. కానీ లిగ్నిన్ విరిగినప్పుడు వెనిల్లా వాసననిచ్చే పదార్థమే పుడుతుంది, దాంతోపాటు ఇంకా బోలెడు ఆవిర్లు వస్తాయి. 2009లో లండన్ శాస్త్రవేత్తలు ఆ ఆవిర్లని కొలిచి, కాగితం ఏ స్థితిలో ఉందో పుస్తకాన్ని ముట్టకుండానే చెప్పవచ్చని చూపించారు. అమ్మకి ఆ మాట చెప్తే "నేను అంతకుముందు నుంచే చూస్తున్నాగా" అంది. నిజంగానే ఆవిడ ముక్కు మమ్మల్ని కాపాడుతుంది. తియ్యటి వాసన వేరు, తడిగోడ లాంటి బూజు వాసన వేరు. బూజు వాసన వస్తే ఎంత మంచి పుస్తకమైనా వదిలేస్తాం. దాని బీజాలు ఇంట్లో మిగతా పుస్తకాలకి పాకుతాయి, బాబుకి ఆయాసం కూడా ఉంది. పేజీల మీద చిన్న చిన్న గోధుమరంగు మచ్చలు మాత్రం పట్టించుకోం, అవి ముసలివాళ్ల చేతుల మీద మచ్చల్లాంటివి.

ఒకసారి పురుగు వచ్చింది. సన్నగా వెండిరంగులో జారిపోయే సిల్వర్ ఫిష్, బైండింగ్‌లో ఉన్న పిండి జిగురు కోసం వస్తుంది. ఒక కట్ట పుస్తకాలు నేరుగా అరలో పెట్టేసిన నా తొందరవల్ల, నెలరోజుల్లో మూడు పుస్తకాల అట్టలు గీకినట్టయ్యాయి. అప్పటినుంచి కొత్తగా తెచ్చిన ఏ పాత పుస్తకమూ నేరుగా అరలోకి పోదు. పాలిథీన్ కవర్లో పెట్టి, గాలి తీసేసి మూతి కట్టి, ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచుతాం. లైబ్రరీల్లో మైనస్ 20 డిగ్రీల దగ్గర వారం పైన ఉంచుతారు. ఇంటి ఫ్రీజరు అంత చల్లగా ఉండదు, మాటిమాటికీ తలుపు తీస్తాం కాబట్టి మేం రెండు వారాలు పెట్టుకున్నాం. బయటికి తీశాక కవరు ఒక రోజంతా విప్పకూడదు, విప్పితే చల్లటి కాగితం మీద తేమ పడుతుంది. బూజు మాత్రం దీనికి చావదు. తర్వాత పుస్తకం గట్టిగా మూసి పట్టుకుని, మెత్తటి బ్రష్షుతో పై అంచు దుమ్ము వెన్ను వైపు నుంచి బయటికి తోస్తాం. ఆదివారం సాయంత్రం వరండాలో నలుగురం బ్రష్షులు పట్టుకుని కూర్చుని ఆ పని చేస్తుంటే, షాపులో ఉన్న సంతోషమే మళ్లీ. ఎండలో మాత్రం పెట్టం. చిరిగిన చోట సెల్లోటేపు అసలు వెయ్యం, అది పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది.

పాత పుస్తకంలో అచ్చయినదానికంటే రాసినదే ఎక్కువ చదువుతాం మేం. మొదటి పేజీలో "చిన్నక్కకి, పరీక్ష పాసైనందుకు" అని ఉంటే, ఆ అక్క ఏం చదివిందో, తర్వాత ఏమైందో అని ఇంటికొచ్చేదాకా మాట్లాడుకుంటాం. మార్జిన్లలో పెన్సిల్ రాతలు అమ్మాయి చెరపనివ్వదు. ఒకరోజు దానికి ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త సంగతి చెప్పాను. 1637 ప్రాంతంలో ఆయన పాత గ్రీకు గణిత గ్రంథం చదువుతూ మార్జిన్లో ఒక సిద్ధాంతం రాసి, దీనికి చక్కటి నిరూపణ దొరికింది గానీ రాయడానికి ఈ మార్జిన్ చాలదని రాసుకున్నారు. ఆయన పోయాక కొడుకు ఆ రాతలతో సహా పుస్తకాన్ని 1670లో అచ్చు వేయించాడు. తండ్రి రాసుకున్న అసలు ప్రతి ఇప్పుడు లేదు. కొడుకు ఆ పని చెయ్యకపోతే ఆ వాక్యం లోకానికి తెలిసేదే కాదు. దాని నిరూపణ 1994లో ఆండ్రూ వైల్స్ అనే గణితవేత్త పూర్తిచేసేదాకా దొరకలేదు. అమ్మాయి కాసేపు ఆలోచించి, "అంటే నువ్వు రాసుకున్నవి నేను పారెయ్యకూడదన్నమాట" అంది. నా మనసు నిండిపోయింది.

బాబు అడిగిన ప్రశ్న మాత్రం ఇబ్బంది పెట్టింది. "మనం ఇక్కడ కొంటే రాసినవాళ్లకి డబ్బులు వెళ్తాయా?" వెళ్లవు. పుస్తకం మొదటిసారి అమ్ముడుపోయాక, ఆ ప్రతి కొన్నవాళ్లదే, వాళ్లు మళ్లీ అమ్ముకోవచ్చు. 1908లోనే అమెరికా సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. చట్టం ఒప్పుకున్నా వాడి ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఇప్పుడు రాస్తూ ఉన్నవాళ్ల పుస్తకాలు కొత్తవే కొంటున్నాం. అచ్చులో లేనివి, దొరకనివి, రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయినవి ఇక్కడ వెతుకుతాం. లైబ్రరీ ముద్ర ఉండి, తీసేసినట్టు ఇంకో ముద్ర లేకపోతే షాపాయనకి చూపించి పక్కన పెట్టేస్తాం. అది ఇంకా ఆ లైబ్రరీదే అయి ఉండవచ్చు.

పుస్తకాల్లో ఇంకా చాలా దొరికాయి. బస్సు టికెట్లు, ఎండిన రావి ఆకు, నెమలి ఈక, ఎవరిదో చీటీ. అన్నిటికంటే గుర్తుండిపోయింది ఒక కవరు. ఒక లెక్కల పుస్తకం మధ్యలో ఉంది. పూర్తిగా అంటించి, అడ్రసు రాసి, స్టాంపు కూడా పెట్టారు. స్టాంపు మీద పోస్టు ముద్ర లేదు. ఎవరో పోస్టులో వేద్దామని, చదువుతున్న పేజీ దగ్గర గుర్తుగా పెట్టి మర్చిపోయారు. బాబు చింపుదామన్నాడు. అమ్మ "వద్దు నాన్నా, మనకి రాసింది కాదు" అంది. మా ఆయన పోస్టులో వేసేద్దామన్నారు. ఇన్నేళ్ల తర్వాత వెళ్తే అవతలివాళ్లకి ఏ గాయం రేగుతుందో అని నేను భయపడ్డాను. అలా ఏదీ తేల్చకుండా దాన్ని సొరుగులో పెట్టాం.

నవల ఇంకో ప్రతి దొరకడానికి రెండేళ్లకి పైనే పట్టింది. అప్పటికి బాబుకి తొమ్మిదేళ్లు వచ్చాయి, కింది అరలకి ఇప్పుడు వాడు వంగాల్సి వస్తోంది. దొరికింది వాడికే, వేరే అట్టతో, తాళ్లతో కట్టిన ఒక కట్ట అడుగున. పేరు చూసి అరవలేదు. ముందు 161వ పేజీ ఉందో లేదో చూసుకుని, అప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. షాపాయన అడ్డం చెప్పలేదు, నవ్వి ఇంకో స్టూలు తెచ్చి వేశారు. అమ్మ కళ్లజోడు తుడుచుకుని అక్కడే పైకి చదవడం మొదలుపెట్టింది. మేం నలుగురం అరల మధ్య నేలమీద కూర్చున్నాం.

మాలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆ ఉత్తరం ఆమెది కాదు. ఇంటి నంబరు తప్పు చూసుకుని పోస్టుమాన్ ఇచ్చి వెళ్లాడు, ఆమె కూడా పేరు చూడకుండా కవరు చింపేసింది. సగం చదివాక గాని తనకి కాదని తెలియలేదు. అసలు మనిషి ఆ ఇల్లు ఖాళీచేసి వేరే ఊరు వెళ్లిపోయింది. ఆ పదహారు పేజీలూ ఆ రాత్రంతా ఆమె ఏం చెయ్యాలో తేల్చుకోలేకపోవడమే. పొద్దున్నే సంచి సర్దుకుని, ఉత్తరం చేతికి ఇచ్చి రావడానికి రైలెక్కింది.

అమ్మ పుస్తకం మూసి, "చింపేశాక ఇంక ఊరుకోలేదుగా" అంది.

రెండో ప్రతి కొన్నాం. మొదటిదాన్ని తిరిగి అమ్మేద్దామా అంటే ఎవరూ ఒప్పుకోలేదు. ఆ రెండూ ఇప్పుడు మా ఆయన చేసిన అరలో పక్కపక్కనే ఉన్నాయి. దారిలో అమ్మాయి ఎందుకో మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక చెప్పులు విప్పుతూ, "ఆ కవరు ఎక్కడ పెట్టామమ్మా?" అని అడిగింది.

సొరుగులో అడుగున ఉంది. అడ్రసు చివరి వరస సిరా కొంచెం పాకింది గానీ చదవడానికి వస్తోంది. ఈసారి ఎవరం వాదించలేదు. మా ఆయన పెద్ద కవరు తెచ్చారు. అమ్మాయి ఆ అడ్రసు దాని మీద చూసి రాసింది, ఒక్కో అక్షరం దగ్గర ఆగి, పాత కవరుతో సరిచూసుకుంటూ. లోపల పెట్టడానికి చిన్న చీటీ అమ్మ రాసింది. "ఇది ఒక పాత పుస్తకంలో మాకు దొరికింది. మేం విప్పలేదు."